దువ్వని పీచు

మా తమ్ముడు ఫొటో తీస్తానని ఒక వస్తువు ఎత్తుకెళ్ళాడంటే అది మళ్ళీ ఇంట్లో పనికొస్తుందన్న ఆశ నేను వదులుకునేదాన్ని. పాలగిన్నె తీసుకుంటే అంచుకు మసి పూసేవాడు. చీపురు తీసుకుంటే పుల్లలన్నీ ఒకవైపుకు వంచి జిగురు పెట్టేవాడు. తర్వాత దాంతో ఊడిస్తే చెత్త ముందుకు పోకుండా పక్కకు పోయేది. మసిగుడ్డకు నూనె, ఉల్లిపాయకు నీటిచుక్కలు, అరిగిన చెప్పుకు టీ డికాక్షన్. అన్నిటికీ మించి ఒక పాత టూత్ బ్రష్. దాంతో గోనెసంచి పీచు, తాడు పీచు, దుప్పటి అంచు, ఏది దొరికితే అది గంటలకొద్దీ దువ్వేవాడు. పీచు లేస్తే వెలుతురు అందులో చిక్కుకుంటుందట.

"ఇదేం పాడుబుద్ధిరా, ఉన్నదాన్ని ఉన్నట్టు తియ్యలేవా?" అని కసిరితే, "ఉన్నదాన్ని ఉన్నట్టు చూడ్డానికి కళ్ళున్నాయి కదక్కా, ఇంక కెమెరా ఎందుకు?" అనేవాడు. ఆ మాటంటే వాడికి మహా ముద్దు. నలుగురు కనబడితే చాలు, అదే వల్లించేవాడు.

వారమంతా స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసి, "గడ్డం పైకి, చెవులు కనబడాలి" అని అరిచి అరిచి విసిగిపోయి, ఆదివారం మా ఇంటికొచ్చి పడేవాడు. మా వంటింటి కిటికీ వెలుతురు వాడి గదిలో రాదు. కిటికీ పక్కన గోడకు ఒక మేకు ఉంది. దానికి ఏది తగిలించినా ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి పడుతుంది. మా అత్తయ్య వాణ్ణి బొమ్మలబ్బాయి అని పిలిచేది. "బొమ్మలబ్బాయి వచ్చాడే, గరిటెలు దాచెయ్యి" అని నన్ను హెచ్చరించి, తనే వాడికి టీ పెట్టించేది. ఆవిడ చేతుల ముడతలు ఫొటో తీస్తానని వాడు ఎన్నోసార్లు బతిమాలాడు. "నా చేతులకేం పులుముతావో ఏమో, ఫో" అని తరిమేది. వాడంటే ఆవిడకు ప్రాణం.

మా ఆయన ఎత్తయిన భవనాలకు బయటివైపు అద్దాలు తుడిచేవాడు. మేడమీది నుంచి తాడు పట్టుకుని దిగుతూ, కాళ్ళు అద్దానికి తన్నిపెట్టి, అంతస్తు తర్వాత అంతస్తు తుడుచుకుంటూ కిందికి వచ్చేవాడు. నడుముకు ఒక బెల్టు, బెల్టు పట్టీకి కొక్కెం, ఆ కొక్కెం తాడుకు. మనిషి ప్రాణం మొత్తం ఆ పట్టీ మీదే ఉంటుంది. చిన్నప్పుడు ఆయన గోడలు, చెట్లు ఎక్కి పడనిచోటంటూ లేదట. అందుకని ఈ పనిలో చేరిన రోజున అత్తయ్య తన తల మీద చెయ్యి పెట్టించుకుని, కొక్కెం తగిలించకుండా దిగనని మాట తీసుకుంది. అప్పట్నుంచి రోజూ పొద్దున ఆయన గుమ్మం దాటేటప్పుడు లోపల్నుంచి ఆవిడ గొంతు వినబడేది.

"తగిలిస్తావా?"

"తగిలిస్తానమ్మా."

ఇది అనకుండా మా ఇంట్లో తెల్లవారినట్టు కాదు. ఒక్కోసారి ఆయన కావాలని చెప్పులేసుకుంటూ ఆలస్యం చేసేవాడు. అత్తయ్య మంచం దిగి గుమ్మం దాకా వచ్చి అడిగితే, అప్పుడు నవ్వుతూ చెప్పేవాడు.

ఆ బెల్టు పాతబడింది. కొక్కెం ఉండేచోట పట్టీ పలచబడి, పీచు తేలి, పిల్లి మీసాల్లా బయటికొచ్చింది. కొత్తది ఇమ్మని మా ఆయన కంపెనీ సేఫ్టీ ఆఫీసరుని అడిగాడు. వస్తాయన్నాడు. మళ్ళీ అడిగాడు. వస్తాయన్నానుగా అన్నాడు. ఎవరి బెల్టు వాళ్ళే ఇంటికి తెచ్చి భద్రం చేసుకోవాలి కాబట్టి మా ఆయన రోజూ దాన్ని తెచ్చి, వేళ్ళతో తడిమి చూసి, ఒక నిట్టూర్పు విడిచి ఆ వంటింటి మేకుకే తగిలించేవాడు.

ఒక ఆదివారం మా తమ్ముడి కళ్ళు దాని మీద పడ్డాయి. కిటికీ వెలుతురు ఆ పీచులోంచి దూరి, పట్టీ చుట్టూ సన్నటి పొగలాగా కనబడుతోంది. వాడు కొయ్యబారిపోయాడు. వెంటనే సంచీలోంచి టూత్ బ్రష్ తీశాడు.

మా ఆయన అన్నం దగ్గర్నుంచి ఎంగిలి చేత్తోనే లేచొచ్చాడు. "బామ్మర్దీ, నీకు దణ్ణం పెడతా, దాన్ని మాత్రం ముట్టుకోకు. గరిటె కాదది. రేపు నన్ను మొయ్యాలి."

"కొంచెం దువ్వుతాను బావా, అంతే."

"దువ్వితే ఉన్న నాలుగు దారాలూ పోతాయి. తీస్తే అట్లాగే తియ్యి, లేకపోతే మానెయ్యి."

నేను పక్కనే ఉన్నాను. వాడు అలిగాడు, మూతి ముడిచాడు, చివరికి బ్రష్ సంచీలో పడేశాడు. బెల్టుకు వేలు కూడా తగలనివ్వకుండా ఫొటో తీశాడు. "ఇది ఫొటో కాదక్కా, జిరాక్సు" అని సణుక్కుంటూ వెళ్ళాడు. స్టూడియో ఫొటోలు పక్కనబెడితే, వాడి జీవితంలో ఏమీ పుయ్యకుండా, ఏమీ దువ్వకుండా తీసిన ఫొటో అదొక్కటే.

ఆ జిరాక్సే వాడి తలరాత మార్చింది. ఫొటోలవాళ్ళ సంఘం ఒకటి పెట్టిన ప్రదర్శనలో దాన్ని తలుపంత చేసి నడిగోడకు పెట్టారు. చూసినవాళ్ళంతా అబ్బా అన్నారు. ఆ పీచు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా కనబడుతోంది. నేనూ అబ్బా అన్నాను. ప్రాణం నిలబెట్టే పట్టీ తెగడానికి సిద్ధంగా ఉంటే, అందరం ఎంత బావుందో అని మురిసిపోయాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా ఆయన మాత్రం మురిసిపోలేదు. ఆయన లెక్క వేరు. సేఫ్టీ ఆఫీసరుని బతిమాలి, మా బావమరిది ఫొటో చూద్దురుగాని రండి సార్ అని ప్రదర్శనకు తీసుకొచ్చాడు. "నా నడుముకుంటే ఆయన కంటికి ఆనట్లేదు. గోడంత చేసి చూపిస్తేనైనా సిగ్గుపడి కొత్తది ఇస్తాడేమో" అని నాతో ముందే చెప్పాడు. కొత్త చొక్కా వేసుకుని, ఆఫీసరు పక్కన చేతులు కట్టుకుని, నోరు తెరవకుండా నిలబడ్డాడు. ఫొటోనే మాట్లాడుతుందని ఆయన నమ్మకం.

ఆఫీసరు ఫొటోను కిందికీ మీదికీ చూశాడు. ముఖం కొంచెం పాలిపోయింది. "ఇది మా కంపెనీ బెల్టేనా? ఇంత పాడైందా?" అన్నాడు.

మా ఆయన నోరు తెరిచేలోగా మా తమ్ముడు ముందుకొచ్చాడు. వాడి చుట్టూ అప్పటికే పదిమంది చేరారు. పొగిడించుకుని పొగిడించుకుని వాడికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

"అబ్బే, అంతలేదు సార్. ఆ పీచంతా నేను రప్పించిందే. టూత్ బ్రష్‌తో ఒక పూటంతా కూర్చుని దువ్వాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడ్డానికి కళ్ళున్నాయి కదా సార్, ఇంక కెమెరా ఎందుకు?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫీసరు ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. "భలేవాడివయ్యా, నన్ను భయపెట్టేశావు" అని నవ్వి, ఆ ఫొటో తనకు కావాలని, కంపెనీ వరండాలో పెట్టిస్తానని అక్కడికక్కడే కొనేశాడు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చేతులు కట్టుకునే ఉన్నాడు. ఇంటికొస్తుంటే దారిలో తమ్ముణ్ణి కడిగిపారేశాను. "దువ్వలేదు కదరా, ఎందుకా అబద్ధం?" అన్నాను.

"ఊరికే గోడకున్నది తీశానంటే ఎవరు గౌరవిస్తారక్కా? అయినా ఒక్క మాటకి ఏమైపోతుంది? సోమవారం బావే చెప్తాడులే."

మా ఆయన కోప్పడలేదు. ఆయన స్వభావమే అంత. "పోన్లేవే. నీ తమ్ముడు ఒక్క మాటతో నా బెల్టుని కొత్తది చేసేశాడు" అని నవ్వాడు. సోమవారం వెళ్ళి అడిగితే ఆఫీసరు కూడా నవ్వి, "మీ బావమరిది దువ్విందేగా, నువ్వు తిరిగి అణిచేసుకో" అన్నాడట.

ఆ తర్వాత కొన్నాళ్ళకే పట్టీ తెగింది.

నేను ఆసుపత్రికి చేరేసరికి ఆయన్ని తెల్లగుడ్డ కింద పడుకోబెట్టారు. గుడ్డ తీసి చూశాను. నడుము చుట్టూ బెల్టు ఒరుసుకున్న ఎర్రటి చార ఉంది. బెల్టు లేదు. అడిగితే, ఇక్కడికి తెచ్చేసరికే లేదన్నారు ఆసుపత్రివాళ్ళు. ఆయన్ని మొదట ఎత్తింది కంపెనీవాళ్ళే. సాయంత్రానికి వాళ్ళ మాట ఖరారైంది. కొత్త బెల్టు ఇచ్చామనీ, అది మేడమీద కొక్కేనికి వేలాడుతూనే ఉందనీ, ఆయన బద్ధకించి పెట్టుకోకుండా దిగాడనీ. నడుము మీది చార సంగతి చెప్తే, రోజూ పెట్టుకునేవాడికి చార ఉండదా అన్నారు. కింద బకెట్లు అందించే తోటి పనివాణ్ణి అడిగితే నేల చూపులు చూస్తూ, "నాకు ఎండ కళ్ళల్లో కొట్టిందమ్మా, ఏం కనబళ్ళేదు" అన్నాడు. వాడు మర్నాడు అదే తాడు మీద ఎక్కాలి మరి.

నాకు కంపెనీ మీద ఎంత కోపమున్నా, నన్ను రంపంలా కోసింది మాత్రం అత్తయ్య మాటే. ఆవిడ ఏడవలేదు. గుమ్మం వైపు చూస్తూ మంచం మీద కూర్చుని ఒకటే మాట.

"రోజూ అడిగాను. రోజూ తగిలిస్తానన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పాడా వాడు?"

"లేదత్తయ్యా, పెట్టుకునే ఎక్కాడు."

"నువ్వు చూశావా?"

నేను చూడలేదు. ఎవరు చూశారు గనక. ఆవిడ అన్నం మానేసింది. కొడుకు పోయాడన్న దుఃఖం ఒక ఎత్తు, పోయేవరకూ రోజూ పొద్దున్నే తనను మోసం చేశాడన్న అనుమానం ఒక ఎత్తు. రెండోదే ఆవిడను తినేస్తోంది. అప్పుడే నిర్ణయించుకున్నాను. నాకు కంపెనీ ఏమిచ్చినా ఇవ్వకపోయినా, ఆయన బెల్టు పెట్టుకున్నాడు అన్న ఒక్క మాట ప్రభుత్వం కాగితం మీద రాయించి ఈ ముసలావిడ చేతిలో పెట్టాలి.

నేను పెట్టుకున్న అర్జీ మీద కార్మికశాఖ విచారణ ఒక ఇరుకు గదిలో జరిగింది. పొడుగు బల్లకు అటువైపు విచారణ అధికారి, ఆయన పక్కన రాసుకునే గుమాస్తా. ఇటువైపు ఒక పక్క కంపెనీ లాయరు, సేఫ్టీ ఆఫీసరు. ఇంకో పక్క నేను, అత్తయ్య, తమ్ముడు. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. నా దగ్గరున్న ఆధారం ఒక్కటే. ఆ ఫొటో. దాని చిన్న కాపీ బల్ల మీద పెట్టి, "మా ఆయన నడుముకున్న బెల్టు ఇది. కొత్తదేదీ ఇవ్వలేదు. ఇది తెగే పడ్డాడు" అన్నాను.

అధికారి కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఫొటో చేతిలోంచి కింద పెట్టలేదు. ఆ ఒక్క నిమిషం నాకు గెలిచేశామనిపించింది.

లాయరు లేచాడు. ఆయన కంగారు పడలేదు సరికదా, చిరునవ్వు నవ్వాడు. "ఈ ఫొటో మా వరండాలో కూడా ఉందండీ. చాలా అందమైనది. ఈ పీచంతా టూత్ బ్రష్‌తో తనే రప్పించానని ఈ అబ్బాయే పదిమంది ఎదుట చెప్పాడు. మా ఆఫీసరుగారు అక్కడే ఉన్నారు." సేఫ్టీ ఆఫీసరు తల ఊపాడు.

అధికారి మా తమ్ముడి వైపు తిరిగాడు. "అలా అన్నారా?"

వాడు లేచి నిలబడ్డాడు. "అన్నానండీ. కానీ దువ్వలేదు. గొప్ప కోసం అన్నాను."

"అప్పుడు అబద్ధం చెప్పారు, ఇప్పుడు నిజం చెబుతున్నారు. అంతేనా?"

"అంతేనండీ."

"మీ మిగతా ఫొటోల్లో వస్తువులు ఉన్నవి ఉన్నట్టే తీస్తారా?"

లాయరు ప్రదర్శనవాళ్ళ దగ్గర్నుంచి తెప్పించిన వాడి చీపురు ఫొటో, చెప్పు ఫొటో, మసి పూసిన పాలగిన్నె ఫొటో వరసగా బల్ల మీద పరిచాడు. ఒక్కొక్కదానికీ ఏం పూశాడో వాడి నోటితోనే చెప్పించాడు. నా వంటింటి సామానంతా ఆ బల్ల మీద పడి వాడి మీద సాక్ష్యం చెప్పింది. అధికారి నిట్టూర్చి, నా ఫొటోను వాటిలోకి తోసేశాడు. "ఈ ఫొటోని నమ్మడానికి లేదమ్మా. కంపెనీ చెప్పినట్టు బెల్టు మేడమీదే ఉందనుకోవాల్సి వస్తుంది" అని గుమాస్తాకు సైగ చేశాడు.

అప్పుడు అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, చెవిలో కాదు, గదంతా వినబడేలా అడిగింది. "అంటే తగిలించుకోలేదనేనా?"

మా తమ్ముడు ఆవిడ వైపు చూశాడు. తర్వాత అధికారి వైపు తిరిగాడు.

"రాయకండి సార్. ఇందాక చెప్పింది అబద్ధం. నేను దువ్వాను. పూటంతా దువ్వాను. బావ వద్దన్నా వినలేదు. దారాలు తెగుతున్నాయని తెలుస్తూనే ఉంది, ఫొటో బాగా రావాలని దువ్వాను. ఆ బెల్టే ఆయన పెట్టుకెళ్ళాడు. అదే తెగింది."

నేను ఎగిరిపడ్డాను. "ఒరేయ్, నీకు మతిపోయిందా! సార్, వీడు వేలు కూడా తగిలించలేదు. నేను అక్కడే ఉన్నాను. మా ఆయన అన్నం మధ్యలో లేచొచ్చి ఆపాడు. నా కళ్ళతో చూశాను సార్!"

"మీరు ఈయనకు అక్కగారు కదమ్మా" అన్నాడు అధికారి, జాలిగానే.

లాయరు, సేఫ్టీ ఆఫీసరు తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. ఎంతోసేపు పట్టలేదు. లాయరు లేచి, కొత్త బెల్టు ఇచ్చినా అలవాటు కొద్దీ పాతదే పెట్టుకెళ్ళి ఉండొచ్చనీ, ఇంట్లోవాళ్ళు పాడుచేసిన దానికి కంపెనీ బాధ్యత ఏమీ ఉండదనీ, ఈ వివరణకు తమకు అభ్యంతరం లేదనీ చెప్పాడు. అభ్యంతరం ఎందుకుంటుంది? అంతకంటే చక్కటి దారి వాళ్ళు కలలో కూడా ఊహించి ఉండరు. ఆ అబ్బాయి వయసు చూసి కేసు పెట్టదలుచుకోలేదని కూడా అన్నాడు. పెద్దమనసు చూపించాడు మరి.

గుమాస్తా రాశాడు. మృతుడు బెల్టు ధరించి, కొక్కెం తగిలించుకునే ఉన్నాడు. మృతుడి బావమరిది ఆ బెల్టును పాడుచేసినందువల్ల పట్టీ తెగింది. కంపెనీ తప్పు లేదు.

నా తమ్ముడు చెప్పిన మొదటి అబద్ధాన్ని అందరూ నమ్మారు. రెండో అబద్ధాన్నీ నమ్మారు. మధ్యలో ఒక్క నిజం చెబితే దాన్ని నమ్మే నాథుడు లేకపోయాడు. మెట్లు దిగుతుంటే వాణ్ణి పట్టుకుని కొట్టబోయాను. వాడు తప్పుకోలేదు. "ఆవిడ మొహం చూడలేకపోయానక్కా. అయినా ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే బావకు కొత్త బెల్టు వచ్చేది. బ్రష్‌తో తెంపలేదంతే" అన్నాడు. కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక దించేశాను.

కాగితం ఇంటికొచ్చాక అత్తయ్యకు చదివి వినిపించాను. మొదటి వాక్యం మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. "తగిలించుకున్నాడు. నా కొడుకు తగిలించుకున్నాడు" అని తల ఊపుకుంటూ చాలాసేపు ఏడ్చింది. ఆయన పోయాక ఆవిడ ఏడవడం అదే మొదలు. ఆ రోజు కంచంలో పెట్టింది మొత్తం తింది.

తినేశాక చెయ్యి కడుక్కుని నాతో చెప్పింది. "ఆ బొమ్మలాడు ఇంక నా గుమ్మం తొక్కకూడదు. వాడి గాలి కూడా ఈ ఇంటికి తగలకూడదు."

వాడు కాదు అత్తయ్యా, వాడు దువ్వలేదు అని చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే ఆవిడ ఏమడుగుతుందో తెలుసు. మరి కాగితంలో రాసిందంతా అబద్ధమేనా, అని అడుగుతుంది. ఏ సగం నిజమో, ఏ సగం అబద్ధమో ఆవిడకు ఎలా విడదీసి చెప్పను? తెరిచిన నోరు మూసుకున్నాను.

స్టూడియోవాళ్ళు వాణ్ణి తీసేశారు. ఇప్పుడు ఒక గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్నాడు. కంపెనీ వరండాలోని పెద్ద ఫొటోను మాత్రం ఎవరో మనిషి పాత పేపర్లలో చుట్టి మా ఇంట్లో పడేసి పోయాడు. అలాంటి అపశకునపు వస్తువు తమకొద్దన్నారట. దాన్ని నా మంచం కింద దాచాను.

ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీసే వేళకు తమ్ముడు పెరటివైపు మెట్ల మీదికి వస్తాడు. లోపలికి రాడు. నేను వంటింటి తలుపు ఓరగా తెరిచి టీ ఇస్తాను. చేతులు ఖాళీగా ఉంటాయి, సంచీ లేదు, కెమెరా లేదు. మొన్న వచ్చినప్పుడు తలుపు సందులోంచి గోడకున్న మేకు వైపే చూస్తున్నాడు. కిటికీ వెలుతురు దాని మీద పడి గోడ మీద చిన్న నీడ వేసింది.

"అత్తయ్య అన్నం తింటోందా అక్కా?"

"తింటోందిరా."

"బావ తగిలించుకున్నాడని నమ్ముతోందా?"

"నమ్ముతోంది. రోజూ ఆ కాగితం చదివించుకుంటుంది."

వాడు తల ఊపి టీ తాగబోయాడు. గ్లాసు మెట్టుకు తగిలి చప్పుడైంది. లోపల మంచం కిర్రుమంది. అత్తయ్య గొంతు, పొద్దున కొడుకుని పిలిచే గొంతే, వినబడింది.

"ఎవరే అక్కడ?"

వాడు నా ముఖంలోకి చూశాడు. నేను వాడి చేతిలోంచి సగం తాగిన గ్లాసు తీసేసుకున్నాను.

"ఎవరూ లేరత్తయ్యా" అన్నాను.